తోలుబొమ్మలాట ట్రూప్‌కి అమెరికా పీ-3 వీసా: ఒక కేస్ మొదటి నుంచి చివరిదాకా

అనంతపురం వైపు ఒక తోలుబొమ్మలాట కుటుంబం, వాళ్లని అమెరికాలో ఒక యూనివర్సిటీ థియేటర్ డిపార్ట్‌మెంట్ ఒక అకడమిక్ ఇయర్ మొత్తం రెసిడెన్సీకి పిలిచింది. స్టూడెంట్స్‌కి బొమ్మ కొయ్యడం, ఆడించడం నేర్పాలి, సెమిస్టర్‌లో కొన్ని పూర్తి ఆటలు ఆడాలి, వీకెండ్స్‌లో చుట్టుపక్కల తెలుగు సంఘాల దగ్గర కూడా ప్రదర్శనలు. వాళ్లతోపాటు ఇదే ఆట మీద పీహెచ్‌డీ చేసిన ఒకమ్మాయిని రీసెర్చ్ స్కాలర్‌గా పిలిచారు. నా పని ఇక్కడ డాక్యుమెంట్లు కూడగట్టడం, ట్రాన్స్‌లేషన్లు చేయించడం, ఇంటర్వ్యూ దాకా తోడుండడం, ఫైలింగ్ అంతా అక్కడి అటార్నీ చేస్తారు. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేర్లూ ఊరూ మాత్రం రాయట్లేదు.

ముందు అందరూ తప్పుగా అనుకునే విషయం ఒకటి చెప్పేస్తా. మన కళాకారుడు ఎంత గొప్పోడో చూపిస్తే వీసా వస్తుందని అందరి లెక్క, సన్మానపత్రాలు, శాలువా కప్పిన ఫోటోలు, ఎమ్మెల్యేతో దిగిన ఫోటోలు సంచుల్లో వేసుకొస్తారు. అది ఓ-1 దారి, అక్కడ ఈ మనిషి తన రంగంలో విశిష్టుడు అని చూపించాలి. పీ-3 వేరు, అది ఒక సంస్కృతికే ప్రత్యేకమైన కళ చేసేవాళ్లకిచ్చే వీసా. అక్కడ చూపించాల్సింది మూడు ముక్కలు: ఈ కళ ఒక జనానిది, ఒక ప్రాంతానిది, వాళ్లకే ప్రత్యేకమైంది, ఈ మనుషులు దాన్ని నిజంగా, సాంప్రదాయంగా చేసేవాళ్లు, అక్కడికెళ్లి చేసే ప్రతి కార్యక్రమమూ ఆ కళే తప్ప ఇంకోటి కాదు. అవార్డులు ఉంటే మంచిదే, లేకపోయినా కేస్ నిలబడుతుంది. పల్లెల్లో తరతరాలుగా ఆడుతూ ఒక్క రాష్ట్ర అవార్డు కూడా లేనివాళ్లకి ఇదే సరైన వీసా అని నేను గట్టిగా నమ్ముతాను, కానీ మనవాళ్లలో చాలామందికి ఇలాంటిది ఒకటుందనే తెలీదు.

తెలీకపోవడం వల్ల ఏమవుతుందంటే విజిట్ వీసా మీద రమ్మంటారు. ఈ కుటుంబానికి కూడా అంతకుముందు అలాంటి పిలుపు ఒకటొచ్చింది, బీ-2 మీద వచ్చేయండి, టికెట్ మేం పెట్టుకుంటాం, ఆట అయ్యాక చేతికి ఏదో ఒకటి ఇస్తాం అని. పెద్దాయన వెళ్లలేదు, మంచి పని చేశాడు. డబ్బు తీసుకుని ఆట ఆడడం అంటే అమెరికా చట్టం లెక్కలో అది పనే, విజిట్ వీసాకి కుదరదు. మన ప్రభుత్వమే ఖర్చులన్నీ పెట్టుకుని ఒక సాంస్కృతిక కార్యక్రమానికి పంపితే, టికెట్ లేని ప్రేక్షకుల ముందు ఆడితే బీ-1లో (బిజినెస్ పని మీద వెళ్లే విజిట్ వీసాలో) ఒక వెసులుబాటు ఉంది, దాన్ని పట్టుకుని అందరికీ వర్తిస్తుందని ప్రచారం చేస్తున్నారు. ఎయిర్‌పోర్ట్‌లో పెట్టె తెరిస్తే బొమ్మలూ మద్దెలా కనపడతాయి, ఏం పని మీద వచ్చావంటే చుట్టపుచూపుగా అంటాడు పాపం, ఆ ఒక్క జవాబు తర్వాత ఏళ్ల తరబడి వెంటాడుతుంది. పిలిచినవాళ్లకి పోయేదేం లేదు, నష్టమంతా కళాకారుడికే.

ఇక ఈ కేస్‌లో అసలైన పని ఎక్కడ మొదలైందంటే యూనివర్సిటీ వాళ్లు పంపిన మొదటి లిస్టులో. అందులో మగవాళ్లు మాత్రమే ఆర్టిస్టులు, ఆడవాళ్లంతా భార్యలు, అంటే పీ-4, డిపెండెంట్లు. నేను పెద్దాయనకి ఫోన్ చేసి ఆటలో ఎవరెవరు ఏం చేస్తారో చెప్పమన్నా. ఆయన నవ్వి, "మా ఆడోళ్లు పాడకుంటే బొమ్మ యాడ ఆడ్తుందమ్మా" అన్నాడు. నిజం కూడా అదే, తోలుబొమ్మలాటలో సీత గొంతు, మండోదరి గొంతు, హాస్యపాత్ర బంగారక్క గొంతు ఆడవాళ్లవే, హార్మోనియం దగ్గర, తాళాల దగ్గర వాళ్లే కూర్చుంటారు, తెర వెనక బొమ్మ పట్టేదీ వాళ్లే. పీ-4 మీద వెళ్లిన మనిషి అక్కడ పని చెయ్యకూడదు, తెర వెనక కూర్చుని పాడి పారితోషికంలో వాటా తీసుకుంటే స్టేటస్ తప్పినట్టే. ఇలా భార్య అని రాసి పంపేసిన ట్రూపులు ఎన్నున్నాయో. కాబట్టి ఆడవాళ్లందరినీ పేరుపేరునా పీ-3 ఆర్టిస్టులుగా మార్పించాం, ఎవరు ఏ పాత్రకి గొంతిస్తారో, ఏ వాద్యం వాయిస్తారో ఒక పట్టికలా రాయించి కాంట్రాక్ట్‌కి జత చేయించాం. కాంట్రాక్ట్‌లో పారితోషికం కూడా ఎవరిది వాళ్లకి విడివిడిగా. ఈ మార్పు వల్ల ఫీజు పెరగలేదు, ఒక పిటిషన్‌లో, అంటే పిలిచినవాళ్లు అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీస్‌కి పెట్టే దరఖాస్తులో, 25 మంది దాకా పేర్లు పెట్టొచ్చు.

మేనల్లుడు ఒకడున్నాడు, వాడు పాడడు, ఆడించడు. తెర కడతాడు, లైట్ చూసుకుంటాడు, బొమ్మ భుజం దగ్గర ముడి తెగితే ఆట ఆగకుండా చీకట్లోనే మళ్లీ కట్టేస్తాడు. వాణ్ని ఆర్టిస్ట్ అని రాస్తే ఇంటర్వ్యూలో ఇరుక్కుంటాడు. వాడికి సపోర్ట్ పర్సన్ కేటగిరీ, దానికి వేరే పిటిషన్, వేరే ఫీజు. అక్కడ రాయాల్సింది వాడు మంచోడని కాదు, ఈ పని అమెరికాలో దొరికే స్టేజ్ టెక్నీషియన్ ఎందుకు చెయ్యలేడు అన్నది. లైట్ ఎంత దూరంలో పెడితే నీడ ఎంత పెరుగుతుందో, రావణుడి పది తలల బొమ్మ తెరకి ఎంత ఆనించి పట్టాలో, వానాకాలం తోలు మెత్తబడితే ఏం చెయ్యాలో వాడి చేతనే చెప్పించి, దాన్నే స్టేట్‌మెంట్‌గా రాశాం. ఆ పేపర్ ఈ ఫైల్ మొత్తంలో నాకు బాగా నచ్చిన పేపర్.

పేర్ల సంగతి చెప్పాలంటే అదో పెద్ద యుద్ధం. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, రేషన్ కార్డులో అసలు లేదు, ఒకావిడకి పెళ్లికి ముందు పేరొకటి తర్వాత పేరొకటి, ముగ్గురికి పుట్టినరోజు జనవరి 1. ఐ-129 (పిటిషన్ ఫారం) మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి, పాత సర్టిఫికెట్లలో వేరేగా ఉంటే ఇద్దరూ ఒకే మనిషని అఫిడవిట్ పెట్టాలి. పాస్‌పోర్ట్‌లోనే తప్పుంటే ముందు అది సరిచేయించుకోండి, పిటిషన్ అప్రూవ్ అయ్యాక పేరు మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో భయం ఈసీఆర్. పది పాసవ్వని వాళ్ల పాస్‌పోర్ట్ మీద ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని ఉంటుంది, దాన్ని చూసి ఏజెంట్లు క్లియరెన్స్ తెప్పిస్తామని డబ్బు గుంజుతారు. ఆ రూల్ గల్ఫ్ లాంటి 18 నోటిఫైడ్ దేశాలకి పనికోసం వెళ్లేవాళ్లకే, అమెరికా ఆ లిస్టులో లేదు. దానికోసం ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు.

సాక్ష్యాల దగ్గరికొస్తే, కుటుంబం దగ్గర ఒక ట్రంకు పెట్టె నిండా కాగితాలున్నాయి, వాడుకోదగ్గవి కొన్నే. పేపర్ కటింగ్‌లు ఉన్నాయి గానీ తేదీ, పేపర్ పేరు కత్తిరించేశారు, ఫోటో ముఖ్యం అనుకున్నారు. జాతర కరపత్రాల్లో సంవత్సరం తెలుగు పంచాంగం పేరుతో ఉంది, ప్రభవ విభవ లెక్కలో. అరవై ఏళ్లకోసారి ఆ పేరే తిరిగొస్తుంది కాబట్టి కరపత్రంలో ఉన్న వారం, తిథి పట్టుకుని ఇంగ్లీష్ తేదీ తేల్చి, ట్రాన్స్‌లేటర్ నోట్‌లో ఎలా తేల్చామో రాశాం. తెలుగు కాగితం ప్రతిదానికీ పూర్తి ఇంగ్లీష్ అనువాదం, అనువదించిన మనిషి తనకి రెండు భాషలూ వచ్చని, అనువాదం సరిగ్గా ఉందని సంతకం పెట్టిన సర్టిఫికెట్ ఉండాలి, సారాంశం రాస్తే కుదరదు.

ఎక్స్‌పర్ట్ లెటర్లు చాలా కీలకం. మనవాళ్లు రాసే లెటర్ ఎలా ఉంటుందంటే, ఫలానా వారు కళామతల్లి ముద్దుబిడ్డ, వీరి కృషి అనన్యసామాన్యం, వీరికి ఉజ్వల భవిష్యత్తు కలగాలని ఆకాంక్షిస్తూ. అభిమానంతో రాస్తారు, పనికిరాదు. రూల్ ఏమడుగుతుందంటే రాసేవాడి అర్హత ఏంటి, ఈ ట్రూప్ సంగతి ఆయనకి ఎలా తెలుసు, ఏ ఆట ఎప్పుడు ఎక్కడ చూశాడు, అందులో సాంప్రదాయం ఏంటి. జానపద కళల మీద జీవితమంతా పనిచేసిన ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ రాసిన లెటర్ ఈ కేస్‌కి వెన్నెముక. ఆయన రాసింది పొగడ్త కాదు, వీళ్లు సుందరకాండ ఆడేటప్పుడు రంగనాథ రామాయణం ద్విపదలు ఎక్కడ పాడతారో, ఎక్కడ ఆపి వచనంలోకి దిగుతారో, నవ్వించే కేతిగాడు, బంగారక్క ఎప్పుడొస్తారో, తోలుబొమ్మల వాళ్లలో చాలా కుటుంబాలు ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుతూ తెర మీద తెలుగు పద్యం ఎలా నిలబెట్టుకొచ్చారో, ఇవన్నీ విడమర్చి రాశారు. ఆ లెటర్ చదివితే ఈ ఆట ఎప్పుడూ చూడని మనిషికి కూడా ఇది ఇంకెక్కడా దొరకదని అర్థమవుతుంది. దానికి తోడు కళ స్థాయికి సాక్ష్యంగా ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి జీఐ ట్యాగ్ (ఈ ప్రాంతానిదేనని చెప్పే ప్రభుత్వ గుర్తింపు) ఉన్న సంగతి, నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన సంగతి పెట్టాం. అవి ఈ కుటుంబానికి వచ్చినవి కావు, అయినా కళకి దేశంలో ఉన్న గుర్తింపు చూపిస్తాయి.

పిటిషన్ వేసేది ఆర్టిస్ట్ కాదు, అమెరికాలో ఉన్న సంస్థ లేదా ఏజెంట్. ఇక్కడ యూనివర్సిటీ వేసింది. అమెరికాలోని కళాకారుల యూనియన్ నుంచి కన్సల్టేషన్ లెటర్, అంటే అభిప్రాయం చెప్పే లెటర్ కూడా కావాలి, మేం వెళ్లింది అమెరికన్ గిల్డ్ ఆఫ్ వెరైటీ ఆర్టిస్ట్స్‌కి. 2024 ఏప్రిల్ 1 నుంచి పీ పిటిషన్ ఫీజు 1,015 డాలర్లు, చిన్న సంస్థలకి, నాన్‌ప్రాఫిట్లకి 510. డబ్బు ఎక్కువ పెడితే ప్రీమియంలో 15 బిజినెస్ డేస్‌లో ఏదో ఒక జవాబొస్తుంది, జవాబంటే అప్రూవల్ అనే కాదు, ఇంకా సాక్ష్యం తెమ్మని అడగడం కూడా జవాబే.

మాకు వచ్చింది అదే, ఆర్ఎఫ్ఈ. చదివితే ఆఫీసర్ అడిగినవి న్యాయమైన ప్రశ్నలే అనిపించింది. ఒకటి, ఇటినరరీలో (కార్యక్రమాల పట్టికలో) ఒక తెలుగు సంఘం దీపావళి బజార్‌లో ట్రూప్ తోలు ల్యాంప్‌షేడ్లు అమ్ముతుంది అని ఉంది, ఇది ప్రదర్శన ఎలా అవుతుంది. అవ్వదు. పీ-3లో ఆడడం, నేర్పడం, వివరించి చెప్పడం ఉన్నాయి, స్టాల్ పెట్టి అమ్మడం లేదు. ఈ రోజుల్లో బొమ్మల కుటుంబాలకి ఆట కన్నా ల్యాంప్‌షేడ్లే ఎక్కువ తిండి పెడుతున్నాయి, సంఘం వాళ్లు మంచి మనసుతోనే పెట్టారు, అయినా తీసేయించాం, ఆ సాయంత్రం లంకాదహనం ఆట పెట్టించాం. రెండోది గట్టి ప్రశ్న. స్ప్రింగ్ సెమిస్టర్‌లో యూనివర్సిటీ జాజ్ స్టూడెంట్స్‌తో కలిసి ఒక కొత్త ఆట ఉంది, డ్రమ్స్, శాక్సఫోన్ మీద పద్మవ్యూహం. ఇది సాంప్రదాయం ఎలా అవుతుంది అని.

అటార్నీ మొదట భయపడి ఆ ప్రోగ్రామ్ తీసేద్దాం అన్నారు. తియ్యక్కర్లేదని నేను పట్టుబట్టాను, ఎందుకంటే 2012లో మ్యాటర్ ఆఫ్ స్కర్‌బాల్ కల్చరల్ సెంటర్ అని ఒక తీర్పుంది. అర్జెంటీనా నుంచి ఒక బ్యాండ్, యూదుల క్లెజ్మర్ సంగీతాన్ని లాటిన్ అమెరికా బాణీలతో కలిపి వాయిస్తారు, రెండు సంస్కృతులు కలిస్తే అది కల్చరల్లీ యూనిక్ ఎలా అవుతుందని మొదట కొట్టేశారు. అప్పీల్స్ ఆఫీస్ ఆ కేస్ చూసి ఒప్పుకుంది, సాంప్రదాయ కళ అంటే ఒకే దేశానికి, ఒకే జాతికి కట్టేసి ఉండాల్సిన పని లేదు, కలగలిసిన రూపం కూడా ఒక సమూహానికి ప్రత్యేకమైందే అవ్వొచ్చు, సాక్ష్యం చూసి తేల్చాలి అని. కాకపోతే ఆ తీర్పు పేరు రాసేస్తే చాలదు, మన దగ్గర సాక్ష్యం ఉండాలి. ప్రొఫెసర్ గారి చేత ఇంకో లెటర్ రాయించాం. కేతిగాడు ఎప్పుడూ ఆ కాలపు మాటలే మాట్లాడతాడు, కరువొస్తే కరువు మీద, ఓట్లొస్తే ఓట్ల మీద, కొత్తది లోపలికి తీసుకోవడం ఈ ఆట స్వభావంలోనే ఉంది, ఇప్పుడు వాడుతున్న హార్మోనియం కూడా ఒకప్పుడు బయటినుంచి వచ్చిందే. ఆ ఆటలో బొమ్మలు, పద్యం, కథ, ఆడించే పద్ధతి మొత్తం వీళ్లదే, జాజ్ వెనక నుంచి వాయిస్తుంది అని యూనివర్సిటీ డైరెక్టర్ నోట్ ఒకటి. అప్రూవ్ అయింది. ఈ విషయం ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నానంటే మన కూచిపూడి, హరికథ, ఒగ్గుకథ వాళ్లు కూడా అక్కడికెళ్తే ఎవరో ఒకరితో కలిసి పనిచేస్తారు, ఫ్యూజన్ అని పేరు కనపడగానే భయపడి ఇటినరరీలో దాచేస్తారు. దాచొద్దు, ఆడబోయేది ప్రతిదీ ముందే రాయాలి.

బొమ్మల సంగతి వీసా ఫైల్‌లో ఉండదు, కానీ అది చూసుకోకపోతే వీసా ఉండీ లాభం లేదు. పూర్వం దేవుళ్ల బొమ్మలకి జింకతోలు వాడేవాళ్లు, ఇప్పుడంతా మేకతోలే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం జింకతోలుతో చేసినవి దేశం దాటించడం నేరం, తాతగారిది, సెంటిమెంట్ అంటే వినరు. అదే ఏడాది వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన కళావస్తువు కూడా బయటికి తీసుకెళ్లకూడదు, పాతగా కనపడే వస్తువుకి అది పురావస్తువు కాదని ఆర్కియలాజికల్ సర్వే నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అనుమానం ఉన్న బొమ్మ ఒక్కటి కూడా పెట్టెలో పెట్టనివ్వలేదు. పెద్దాయనకి కష్టంగానే ఉండింది, ఆ రాముడు లేకుండా ఎప్పుడూ ఆట మొదలుపెట్టలేదట. టూర్ కోసం కొత్త సెట్ మేకతోలుతో కోశారు, నగల చోట ఉలితో పొడిచిన చుక్కచుక్కా కొత్తగా, ఏ బొమ్మకి ఎన్ని కీళ్లు, ఎంత పొడుగు, ఏ తోలు, ఎప్పుడు చేసింది, ముందూ వెనకా ఫోటోతో ఒక లిస్ట్ తయారుచేశాం. జంతువు తోలు కాబట్టి అక్కడ దిగగానే కస్టమ్స్‌లో డిక్లేర్ చెయ్యాలని అందరికీ చెప్పి పంపాను, ఆ లిస్ట్ పైనే పెట్టుకోమన్నాను.

ఇంటర్వ్యూ హైదరాబాద్ కాన్సులేట్, నానక్‌రామ్‌గూడ. పిటిషన్ మీద వెళ్లే వీసా కాబట్టి ఒక్కొక్కరికి 205 డాలర్లు. పీ వీసాలో తిరిగొచ్చే ఉద్దేశం అడుగుతారు, ఓ-1లో అంత పట్టింపు ఉండదు. మన దేశంలో వదులుకోని ఇల్లు ఉందని నమ్మించాలి, దానికి పట్టాదారు పాస్‌బుక్, పిల్లల స్కూల్ సర్టిఫికెట్లు, హస్తకళల పహచాన్ కార్డు, వచ్చే ఏడాది జాతరకి తీసుకున్న బయానా కాగితం పెట్టాం. నేను ఎవరికీ జవాబులు బట్టీ పట్టించలేదు, ఒకటే చెప్పాను, మీరు ఆటలో ఏం చేస్తారో అది చెప్పండి, తెలుగులోనే చెప్పండి. పెద్దావిడని మీరేం చేస్తారమ్మా అని అడిగితే సీతమ్మకి, మండోదరికి, బంగారక్కకి గొంతు నాదే అందట, ఫైల్‌లోని పట్టికలో ఉన్నది కూడా సరిగ్గా అదే. మేనల్లుడికి మాత్రం ఇంకో కాగితం కావాలని ఆపారు, ట్రూప్‌తో ఎన్నేళ్ల నుంచి పనిచేస్తున్నాడో చూపించమని. పాత ఆటల పారితోషికం రసీదుల మీద వాడి సంతకాలున్నాయి, అవి ఇచ్చాక వాడికీ వచ్చింది.

రీసెర్చర్ అమ్మాయిని కూడా ట్రూప్‌లో కలిపేద్దాం, ఒకే ఫైల్‌లో పోతుంది అని యూనివర్సిటీ వాళ్లు అడిగారు. నేను వద్దన్నా. ఆమె ఆడదు, పాడదు, ఆమె లేకపోతే ఆట ఆగదు. ఆమెకి సరైంది జే-1 (ఎక్స్చేంజ్ వీసా) రీసెర్చ్ స్కాలర్, యూనివర్సిటీ దానికి కావాల్సిన డీఎస్-2019 ఫారం ఇస్తుంది, సెవిస్ (అలా వచ్చేవాళ్ల వివరాలు నమోదు చేసే వ్యవస్థ) ఫీజు 220 డాలర్లు, వీసా ఫీజు 185. ఈ కేటగిరీలో 5 ఏళ్ల దాకా ఉండొచ్చు, అయితే ప్రోగ్రామ్ అయిపోయాక మళ్లీ అదే కేటగిరీలో రావాలంటే 24 నెలలు ఆగాలి, కాబట్టి చిన్న పనికి దాన్ని ఖర్చు పెట్టుకోకూడదు, 6 నెలల లోపు పనైతే షార్ట్ టర్మ్ స్కాలర్ అడగండి. జే-1 అయ్యాక రెండేళ్లు ఇండియాలో ఉండి తీరాలనే రూల్ గురించి అందరూ భయపడతారు. 2024 డిసెంబర్‌లో స్కిల్స్ లిస్ట్ (ఏ దేశాలవాళ్లకి ఏ నైపుణ్యాల వల్ల ఆ రూల్ తగులుతుందో చెప్పే జాబితా) మార్చినప్పుడు అందులోంచి ఇండియాని తీసేశారు, ఆ కారణంగా రూల్ ఇప్పుడు మనకి తగలదు, కానీ ఫుల్‌బ్రైట్ లాంటి ప్రభుత్వ డబ్బుతో వెళ్తే తగులుతుంది. ఈమెకి యూనివర్సిటీ సొంత నిధులు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. 2025 జూన్ నుంచి జే వీసాకి సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు, అది కూడా ముందే చేసుకుంది.

డబ్బు విషయంలో ట్రూపులు మోసపోయేది పన్ను దగ్గర. విదేశీ కళాకారుల పారితోషికంలో మామూలుగా 30 శాతం ముందే కోసేస్తారు, కాంట్రాక్ట్‌లో ఉన్న అంకె చేతికొస్తుందనుకుని ఇక్కడ అప్పులు చేసి కూర్చుంటారు. సెంట్రల్ విత్‌హోల్డింగ్ అగ్రిమెంట్ అని ముందుగా ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) అప్లై చేసుకుంటే అసలు ఖర్చులు పోగా మిగిలినదాని మీద లెక్కేస్తారు, యూనివర్సిటీ అకౌంట్స్ వాళ్ల చేత అది చేయించాం. మధ్యలో వాళ్లే కాంట్రాక్ట్ ఆపేస్తే తిరుగు టికెట్ ఖర్చు పిలిచినవాళ్లదే అని రూల్‌లోనే ఉంది, ఆ లైన్ తెలుగులో రాసి పెద్దాయన చేతిలో పెట్టాను.

పీ-3 ఒకసారికి గరిష్ఠంగా ఏడాది, పని మిగిలి ఉంటే ఏడాది చొప్పున పొడిగింపు అడగొచ్చు. యూనివర్సిటీ ఇంకో సెమిస్టర్ ఉంచుకుంటామంటోంది, పెద్దాయన జాతర బయానా తీసుకున్నాను, మాట తప్పను అంటున్నాడు. అందుకని అందరూ వచ్చేసి, ఆ తర్వాతి విద్యా సంవత్సరానికి కొత్త పిటిషన్ వేద్దామని తేలింది. పని మొదలయ్యే తేదీకి ఏడాది ముందు నుంచే వేసుకోవచ్చు కాబట్టి టైమ్ ఉంది. ఈసారి ప్రతి ఆట తర్వాత నిర్వాహకుల చేత తేదీ, స్థలం, ఆడిన కథ, పాల్గొన్నవాళ్ల పేర్లతో లెటర్‌హెడ్ మీద ఒక కాగితం రాయించుకోమని చెప్పాను. ఆ పని చిన్న కోడలు చూస్తోంది, ఫోన్‌లో స్కాన్ చేసి నెలనెలా పంపిస్తోంది.